ఊడ్చి ఉన్న నేల

నాకు సిగ్గు తక్కువని మా ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ముక్కూ మొహం తెలియని వాళ్ళతో పోట్లాడతాను. పెళ్ళి భోజనంలో వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచి మరీ ఇంకో ముక్క వేయించుకుంటాను. దవాఖానాలో డాక్టరు గారి తలుపు దగ్గరుండే కంపౌండరు నన్ను చూడగానే "పోండమ్మా, ముందు మీరే పోండి" అని దణ్ణం పెడతాడు. అలాంటిదాన్ని ఈ ఏడాది ఈస్టర్ అయినప్పటి నుంచీ సిగ్గుతో చస్తున్నాను. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది, బట్టలు ఆరేస్తుంటే గుర్తొస్తుంది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు "ఛీ" అని పైకే అనేస్తున్నాను. "ఎవర్ని తిడుతున్నవే?" అని మా ఆయన పక్క గదిలోంచి అడుగుతాడు. ఎవర్నీ కాదని చెప్తాను.

మేముండేది మణుగూరులో, బొగ్గు గనుల క్వార్టర్లలో. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. నేను మా చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీని. సెక్రటరీ అంటే పెద్దగా ఏమీ లేదు. ఎవరింట్లో ప్రార్థన కూటమో అందరికీ ఫోన్లు చెయ్యడం, పండుగకు వంటవాళ్ళను మాట్లాడడం, ఏడాదికోసారి పిక్నిక్కు చోటు వెతకడం. ఈ చివరి పనిలో నాకు మంచి పేరుంది. ఎందుకంటే నాకు ఎక్కడికెళ్ళినా తెలిసినవాళ్ళుంటారు.

పినపాక అవతల అడవిలో ఒక కోయ ఊరుంది. ఆ ఊరి ఆవిడ ఒకామె మా కాలనీకి తేనె, చింతపండు, చీపుర్లు తెచ్చి అమ్మేది. మొదటిసారి వచ్చినప్పుడే నేను గొడవ పెట్టుకున్నాను, తేనెలో బెల్లం పాకం కలిపావని. ఆమె సీసా మూత తీసి నా అరచేతిలో వేసి, "ముందు నాకి చూడు. గప్పుడు నోరు తెరువు" అంది. నాకు ఎదురు మాట్లాడిన మనిషి భలే నచ్చింది. అప్పటి నుంచి ఆమెకు నేను అక్కను, నాకు ఆమె చెల్లె. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే చాయ్ తాగేది. మా ఆయన డ్యూటీ దిగి వస్తే "ఏం బావా, బొగ్గంత తవ్వేసినవా, మాకేమన్న మిగిలిచ్చినవా?" అని ఆటపట్టించేది.

ఆ ఊరికి దగ్గర్లో ఒక వాగుంది. రాళ్ళ మీంచి దూకి, కింద మడుగులా నిలుస్తుంది. ఎండాకాలంలో కూడా నీళ్ళుంటాయి. ఆ సంగతి ఎవరో ఫోనులో వీడియో పెట్టి ఊరందరికీ చాటాక, ఆదివారమైతే చాలు, మోటారు సైకిళ్ళు, కార్లు, సౌండ్ బాక్సులు. మడుగులో సీసా పెంకులు గుచ్చుకుని పశువుల కాళ్ళు తెగాయట. వచ్చేవాళ్ళు ఎలాగూ ఆగరు, మనమే ఒక పద్ధతి పెడదామని ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఫారెస్టు ఆఫీసును అడిగి ఒప్పించుకున్నారు. రోడ్డు దగ్గర వెదురు గేటు పెట్టి, ఒక రేకుల షెడ్డు వేశారు. ఒక పూటకు ఇంతమందే అన్నారు. ప్లాస్టిక్ సంచులు గేటు దగ్గరే వదిలెయ్యాలి. బాట దిగకూడదు. భోజనం ఊరి ఆడవాళ్ళే వండి పెడతారు, బయటివాళ్ళు వండుకోకూడదు. వచ్చినవాళ్ళను వాగు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకొచ్చే పని మా చెల్లెకు ఇచ్చారు. ఆమె మెడలో ఒక విజిల్. ఆ పని దొరికాక ఆమె కాలనీలో గంప ఎత్తుకుని తిరగడం మానేసింది. "ఎండల తిరుగుడు తప్పింది అక్కా. మా అత్త కండ్ల ముంగటనే ఉంటున్న" అని ఫోనులో సంబరపడింది.

ఈస్టర్ మర్నాడు సోమవారం మా పిక్నిక్. నేను ఆ వాగు పేరు చెప్పగానే సమాజంలో అందరూ ఎగిరి గంతేశారు. భోజనం వాళ్ళే పెడతారనగానే మొహాలు మాడ్చుకున్నారు. ఈస్టరుకు ముందు నలభై రోజులు మాంసం మానేసి కూర్చున్న జనం. "పండుగ పూట బగారా అన్నం, మటన్ లేకుంటే అది పిక్నిక్కా, ఉపవాస కూటమా?" అని ఒకామె దీర్ఘం తీసింది. నేను ఊరుకుంటానా? ఫోను తీసి అందరి ముందే స్పీకరు పెట్టి మరీ మాట్లాడాను.

"చెల్లె, మేం మా వంట మేమే చేసుకుంటం. మేమేమన్న బయటోళ్ళమా?"

ఆమె, "పెద్దమనుషులను అడిగి చెప్తనక్కా" అంది. మర్నాడు తనే ఫోను చేసింది. "ఒప్పుకున్నరు. నా మాట మీద ఒప్పుకున్నరు, యాదుంచుకో. గేటు కాడ షెడ్డుల బండలున్నయి, ఆడనే వండుకోండ్రి. అగ్గి మాత్రం లోపలికి రావద్దు. వండుకున్నంక నేనొచ్చి తీస్కపోత."

"అవ్, అవ్, అట్లనే" అన్నాను. నేను ఆమె మాట సగమే విన్నాను. ఒప్పుకున్నారన్న మాట వినగానే మిగతా సగం నా చెవికెక్కలేదు. అప్పటికే నా కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ రోజు మేం చెప్పిన వేళకన్నా ముందే బస్సు దిగాం. గేటు దగ్గరున్న పిల్ల, మా చెల్లె ఇంకో గుంపును వాగు దగ్గరికి తీసుకెళ్ళిందని, షెడ్డులో కూర్చోమని చెప్పింది. షెడ్డులో కూర్చుంటే రేకుల వేడికి మాడు పగిలిపోతోంది. "వంట సంగతి దేవుడెరుగు, ముందు మనమే ఉడుకుతం" అని మగవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. చోటు చూసి వద్దామని నేనే లేచాను. బాట వెంట కొంచెం లోపలికి వెళ్ళగానే ఒక పెద్ద చెట్టు కనిపించింది. దాని కింద నేల, అబ్బ, ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్క ఎండుటాకు లేదు. చుట్టూ టేకు ఆకులు మోకాలి లోతున పడి ఉన్నాయి. ఆ చెట్టు కింద మాత్రం గుండ్రంగా, చీపురు గీతలు కూడా చెరగకుండా ఊడ్చి ఉంది.

"అయ్యో, చూసిండ్రా! మన కోసం ఊడ్చి పెట్టిండ్రు!" అని అరిచింది నేనే.

వెనకే వచ్చిన పాస్టరమ్మ గారు నా భుజం తట్టి, "నీ మీద ఎంత గౌరవమమ్మా వీళ్ళకు" అన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

అలా ఎందుకనుకున్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా కాలనీలో తెల్లారేసరికి రోడ్లు ఊడ్చి ఉంటాయి. ఎవరు ఊడుస్తారో, ఎప్పుడు ఊడుస్తారో నాకు తెలియదు. చర్చికి వెళ్తే ఆవరణ ఊడ్చి, చాపలు పరిచి ఉంటాయి. ఊడ్చి ఉన్న చోటంటే మేం కూర్చునే చోటు. ఎవరో తమ కోసం తాము కూడా అడవి మధ్యలో నేల ఊడ్చుకుంటారన్న ఆలోచన నా బుర్రలోకి రాలేదు. చెట్టు మొదలుకు గడ్డితో పేనిన తాడొకటి చుట్టి ఉంది. అది కూడా మా సౌకర్యం కోసమే అనుకుని నా చేతి సంచి దానికి తగిలించాను.

పొయ్యి సరిగ్గా చెట్టు వేళ్ళ పక్కనే పెట్టాం, గాలి తగలకుండా. డేగిసా ఎక్కించాం. నూనె కాగింది, మసాలా వేగింది, కొంత ఒలికింది. పిల్లలు తాడాట ఆడారు. ఆడవాళ్ళం చప్పట్లు కొట్టి పాటలు పాడాం. పాస్టరు గారు, "ఇంత చక్కని ప్రకృతినిచ్చిన దేవునికి స్తోత్రం" అని ప్రార్థన చేశారు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం.

అన్నం దించే వేళకు గాలి లేచింది. పొయ్యిలోంచి నిప్పురవ్వలు లేచి ఊడ్చిన నేల దాటి టేకు ఆకుల్లో పడ్డాయి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. చిన్న మంట, కాలితో తొక్కితే పోతుందనుకున్నాం. తొక్కినవాడి చెప్పు అంటుకుంది. చూస్తుండగానే మంట గట్టు మీదికి పాకింది. మగవాళ్ళు తాగేనీళ్ళ క్యాన్లు ఎత్తి పోశారు, అవి ఏ మూలకు సరిపోతాయి? పిల్లల్ని పట్టుకుని ఆడవాళ్ళం రోడ్డు వైపు పరుగు తీశాం. నేనూ పరుగు తీశాను. అప్పుడు వాగు వైపు నుంచి విజిలు వినపడింది. మా చెల్లె, ఇంకొందరు ఆడవాళ్ళు పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగున వచ్చి ఆ మంటను కొట్టారు. చాలాసేపు కొట్టారు. ఆరేసరికి మా చర్చి ఆవరణంత మేర నల్లగా అయిపోయింది.

ఆమె మొహమంతా మసి. ఆయాసపడుతూనే చెట్టు కిందికి వచ్చి, పొయ్యిని చూసి, డేగిసాను చూసి, నన్ను చూసింది.

"ఈడ ఎవరు కూసోమన్నరు?"

నవ్వడానికి ప్రయత్నించాను. "ఊడ్చి ఉంటే మా కోసమే అనుకున్నం చెల్లె."

"ఊడ్చి ఉంటే మీ కోసమేనా అక్కా?"

ఆమె అక్కడితో ఆగలేదు, ఆగితే బాగుండేది. "ఇది మా అత్త చెట్టు. ఇప్పచెట్టు. ఆ తాడు కట్టింది మా అత్తనే, మా ఇంటి చెట్టని అందరికీ తెలవాలని. తెల్లారక ముందుకెల్లి పువ్వు రాలుతది. ఆకుల్ల పడితే ఏరరాదు, గందుకే ఊడుస్తం. ఎనకట అయితే ఆకులకు అగ్గి పెట్టేటోళ్ళం, ఒక్క పూటల నేల సాఫ్ అయితుండె. మీ అసుంటోళ్ళను రానిచ్చే పని మొదలుపెట్టినప్పుడు ఫారెస్టోళ్ళు అగ్గి వద్దన్నరు. సరే అన్నం. దినాం నడుములు ఇరగంగ చీపురుతోటి ఊడుస్తున్నం. మీ కోసం మేం అగ్గి ఇడిసిపెడితే, మీరే అగ్గి పట్కొచ్చి మా చెట్టు కిందనే పెడితిరి. ఏంది అక్కా ఇది?"

మా వాళ్ళలో ఎవరో వెనకనుంచి, "సర్లేమ్మా, ఆరిపోయింది కదా, మళ్ళీ ఊడ్చుకుంటే పోతుంది" అన్నారు. ఆ మాట అన్న మనిషిని పట్టుకుని దులిపెయ్యాల్సింది నేను. అది నాకు చేతకాని పనా? కానీ వంగి డేగిసా మీద మూత సర్దాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, మేం ఆ బగారా అన్నం, మటన్ పారెయ్యలేదు. షెడ్డులోకి మోసుకెళ్ళి తిన్నాం. తర్వాత ఇంత దూరం వచ్చి వాగు చూడకుండా పోతామా అని వాగుకూ వెళ్ళాం. మా చెల్లే తీసుకెళ్ళింది, అది ఆమె పని కదా. దారిలో పిల్లలకు రాళ్ళు జారతాయని జాగ్రత్తలు చెప్పింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలు. డేగిసా పక్కన గరిటె పట్టుకుని నేను. "ఇంత మంచి ఏర్పాట్లు చేసిన మన సహోదరికి వందనాలు" అని కింద చప్పట్ల బొమ్మలు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఫొటో తీసెయ్యమని అడుగుదామంటే, ఎందుకని అడుగుతారు. ఫోను బోర్లా పెట్టి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన్ను బండి తియ్యమన్నాను. మేం వెళ్ళేసరికి బాగా తెల్లారింది. చెట్టు కింద మా చెల్లె, వాళ్ళ అత్త పూలు ఏరుతున్నారు. ఇప్పపూలు నేను ఎండినవే చూశాను అంతవరకు. రాలిన పూలు లేతగా, పసుపు కలిసిన తెలుపులో, పట్టుకుంటే చేతికి తేనె అంటుకునేలా ఉంటాయి. సగం పూలు మా బూడిదలో పడ్డాయి. మిగతావి నూనె ఒలికిన చోట పడ్డాయి. నేను కూర్చుని ఏరబోయాను.

"ఉండనియ్యి అక్కా. మసాల వాసనొస్తంది. ఎవ్వరూ కొనరు, మేం సుత తినం."

"నేను ఊడుస్తనే, కడుగుతనే..."

"నేలను కడుగుతవా?" అంది. వాళ్ళ అత్త కోయలో ఏదో అడిగింది. నా గురించేనని అర్థమైంది. మా చెల్లె ఏం చెప్పిందో గానీ ఆ ముసలావిడ నా వంక చూసి, పక్కనున్న తాటాకు చాప నా వైపు జరిపి కూర్చోమని సైగ చేసింది. ఆ చాప మీద కూర్చోలేకపోయాను. పొగ ఫారెస్టువాళ్ళ కంట పడిందని, ఆదివారం ఊళ్ళో అందరూ కూర్చుంటారని మా చెల్లె చెప్పింది. ఏం మాట్లాడతారని అడిగితే, "ఇగ నన్ను అడుగుతరు" అంది, అంతే.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి వెళ్ళాను. తప్పు నాదని నలుగురిలో చెప్పేస్తే ఆమె బయటపడుతుందనుకున్నాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో బండి మీద కూర్చుని వల్లించుకున్నాను. వెళ్ళగానే నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. మిగతావాళ్ళంతా నేల మీద కూర్చున్నారు. మా చెల్లె నిలబడి ఉంది. వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు, కానీ మధ్య మధ్యలో "చర్చి", "బస్సు", "మటన్" అన్న మాటలు మాత్రం చెవిలో పడుతూనే ఉన్నాయి. పడ్డప్పుడల్లా ఆ కుర్చీలో ఇంకా కిందికి జారిపోయాను.

ఇక ఆగలేక లేచాను. "పెద్దయ్యా, తప్పు ఆమెది కాదు. షెడ్డులనే వండుకోమని ఆమె మంచిగనే చెప్పింది. ఆ చెట్టు కిందికి అందర్నీ పట్టుకుపోయింది నేను. అనేదేమన్న ఉంటే నన్ను అనండ్రి. జుర్మానా వేస్తే నాకు వెయ్యండ్రి."

ఊరి పెద్దాయన చాలా మర్యాదగా విన్నాడు. నవ్వాడు కూడా. "కూసోండమ్మా. మీరు చుట్టాలు. చుట్టాలకు మా అడవి సంగతేం తెలుస్తది? మిమ్మల్నేమంటం? మీ కోసం మాట ఇచ్చినామె మా మనిషి. ఆమెనే అడుగుతం." నాకు ఇంకో చాయ్ తెమ్మని ఎవరికో చెప్పాడు.

నేను మళ్ళీ చెప్పాను. గొంతు పెంచి చెప్పాను. జన్మలో మొదటిసారి తిట్లు తినడానికి ఎగబడ్డాను. ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. వాళ్ళ లెక్కలో నన్ను నిలదీసేంత సంబంధం నాకు లేదు. మా చెల్లె ఇటు తిరిగి, "కూసో అక్కా, జర కూసో" అంది. కూర్చున్నాను.

పూలు అయిపోయేదాకా వాగుకు ఎవర్నీ రానివ్వద్దని అనుకున్నట్టు చివర్లో పెద్దాయన నాకు తెలుగులో చెప్పాడు. ఆ తర్వాత గేటు తెరుస్తారు గానీ, మా చెల్లె ఇక ఆ పనిలో ఉండదు. ఆమె మాట మీద ఎవర్నీ లోపలికి పంపకూడదు. ఆమె తన మెడలోంచి విజిల్ తీసి, పక్కన కూర్చున్న ఆ ఊరి ఇంకో కోడలి చేతిలో పెట్టింది. ఏడవలేదు. ఆ కోడలే తల ఎత్తలేదు.

మా చెల్లె బండి దాకా సాగనంపడానికి వచ్చింది. మళ్ళీ గంప ఎత్తుకుంటావా అని అడిగాను. "ఎత్తుకోక? అత్త మందులకు ఎట్ల మరి?" అంది. నా చెయ్యి పట్టుకుని ఉంది. "వచ్చే ఏడు మంచిగ వస్తం చెల్లె. మీ వంటనే తింటం. మీరు చెప్పిన కాడనే కూసుంటం" అన్నాను.

"రాండ్రి అక్కా. మంచిగ రాండ్రి. కని గేటు కాడ నా పేరు చెప్పకుండ్రి. చెప్తే వాపసు పంపుతరు."

కోపంగా అనలేదు. దారి చెప్పినట్టు చెప్పింది. నేను బండెక్కాక మా ఆయన ఏమైందని అడిగాడు. ముందు పోనివ్వమన్నాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు ఖమ్మం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. ఫొటోలు చూశారట, వాళ్ళ సంఘం వాళ్ళు కూడా ఆ వాగుకు వెళ్తారట. "ఈమెను అడగండి. అక్కడొకామె ఈమెకు సొంత చెల్లెలి లెక్క" అన్నారు పాస్టరమ్మ గారు.

"లేదండీ, నాకక్కడ ఎవరూ తెలియదు" అన్నాను.